రాళ్లు మోసిన పాటను ఎవరు కోశారు?

ఆ పాటను కోసింది మీరే. సినిమా తీసిన నిర్మాతా, దర్శకుడా, ఎడిటింగ్ గదిలో కూర్చుని కత్తెర వేసిన పెద్దమనిషీ, "ప్రేక్షకుల కోరిక మేరకు పన్నెండు నిమిషాలు తగ్గించాం" అని గర్వంగా పోస్టర్ వదిలిన పబ్లిసిటీ వాళ్లూ, మీరే. మీతో పాటు, హాలు గేటు బయట మైకు పట్టుకుని "టాక్ ఏంటి, టాక్ ఏంటి" అని జనం మీద పడే ఛానళ్ల వాళ్లు. ఆ మైకు ముందు నోరు పారేసుకున్న నేను. నన్ను నేను వదిలేసి మిమ్మల్ని మాత్రమే తిట్టే రకం కాదు నేను.

నా పేరు ఉమాశ్రీ. మాది తణుకు. మాదాపూర్‌లో ఒక కంపెనీ ఆరో అంతస్తులో టెస్టింగ్ ఉద్యోగం, మణికొండలో ముగ్గురమ్మాయిలం కలిసి ఉండే ఫ్లాటు. ఉద్యోగం కడుపు కోసం. ప్రాణమంతా సినిమా, పాట, టీవీ మీదే. ఆరేళ్లుగా వాటి గురించి ఒక పేజీ నడుపుతున్నాను. సీరియల్లో అత్తగారు మూడు ఎపిసోడ్ల పాటు మెట్లు దిగుతుంటే తిట్టాను. పాటల పోటీలో పిల్ల గొంతు కంటే జడ్జిగారి కన్నీళ్లను ఎక్కువసేపు చూపిస్తే తిట్టాను. ఈ రోజుల్లో పాట కట్టడం లేదు, ముప్పై సెకన్ల రీలుకి సరిపడా ముక్క కోస్తున్నారు, పాటను కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి అని రాశాను. దానికి నలభై వేల మంది లైకు కొట్టారు. ఇంత నీతి చెప్పినదాన్ని నేను ఏం చేశానో వినండి.

"ఏడో గుట్ట" విడుదలైన శుక్రవారం, పొద్దున ఎనిమిదింటి ఆటకి వెళ్లాను. సెకండాఫ్‌లో ఊరివాళ్లంతా గుట్ట కొట్టి రాళ్లు మోసే సీను వస్తుంది. వాయిద్యాలేమీ లేవు. సుత్తి దెబ్బలు, ఇద్దరు ఆడవాళ్ల గొంతులు. ఒకామె పాడుతుంటే ఇంకొకామె అందుకుంటోంది. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ నేను ఫోన్ తీసి పేజీలో పెట్టాల్సిన నాలుగు ముక్కలు టైపు చేసుకుంటున్నాను. పక్క సీట్లో ఎవరో పెద్దాయన కరకరా పాప్‌కార్న్ నములుతుంటే చిరాకు పడ్డాను.

బయటికి రాగానే మైకులు. ఎనిమిది కెమెరాలు ఎదురుగా ఉంటే మనిషికి బుద్ధి ఉండదు. "ఫస్టాఫ్ కేక. సెకండాఫ్ ల్యాగ్. ఇద్దరు ముసలమ్మల పాట ఒకటి వస్తుంది, హాయిగా బాత్రూంకి వెళ్లి రావచ్చు. అది లేపేస్తే సినిమా హిట్!" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు ఈల వేశారు. మధ్యాహ్నానికి ఆ వీడియో లక్షలు దాటింది. ఆదివారం సాయంత్రం సినిమా వాళ్లు దాన్నే తమ పేజీలో పెట్టుకుని, కింద "మీ మాటే మా మాట, రేపటి నుంచి ట్రిమ్ చేసిన వెర్షన్" అని రాశారు. హీరో గాగుల్స్ పెట్టుకుని రెండున్నర నిమిషాలు నడిచే నడక అలాగే ఉంది. పాట పోయింది.

నిజం చెప్తున్నాను, ఆ రోజు నాకు సంతోషంగానే ఉంది.

బుధవారం పొద్దున ఆఫీసు పాంట్రీలో టీ పట్టుకుంటున్నాను. మా ఫ్లోరు హౌస్‌కీపింగ్ భాగ్యమ్మ కప్పులు సర్దుతోంది. ఆమెది నానక్‌రామ్‌గూడ, తాతముత్తాతల నాటి నుంచీ అక్కడే.

"ఉమమ్మా, నువ్వు సినిమాలు మస్తు సూస్తవ్ గద. ఒక్క మాట అడగన్నా?"

"అడగండి భాగ్యమ్మగారూ."

"గారు గీరు పక్కకు వెట్టు. ఏడో గుట్ట సూసినవా? అండ్ల రాళ్ల పాట యాడ వస్తది? ఇంటర్వెల్‌కు ముంగటనా, ఎనకనా?"

"ఎందుకండీ?"

"అది పాడింది మేమే. నేను, మా ఇంటి పక్క సక్కుబాయి."

టీ కప్పు నిండి చేతి మీద పొర్లింది. ఆమె గుడ్డ తెచ్చి తుడుస్తూనే చెప్పుకుపోయింది. చిన్నప్పుడు ఇద్దరూ గుట్టల్లో రాళ్లు మోసేవాళ్లట. అడుగులు కలవడానికి ఆ పాట. ఇప్పుడు ఆ గుట్టల మీదే అద్దాల బిల్డింగులు ఉన్నాయి. సినిమా వాళ్లు పాత పాటలు వెతుక్కుంటూ బస్తీకి వచ్చి, ఇద్దరినీ కారెక్కించుకుని స్టూడియోకి తీసుకెళ్లారు. పాట లీకవుతుందని తలుపు దగ్గరే ఫోన్లు లాక్కుని కవర్లో వేశారు. పాడాక ఒక్కసారి కూడా వినిపించలేదు. హాల్లో వినండి, పెద్ద సౌండులో బాగుంటుంది అన్నారు.

"మంగళారం నా సుట్టి. ఇద్దరం పోయినం. సినిమా అంత సూసినం, పాట రాలే. తప్పు నాదే బిడ్డా. ఇంటర్వెల్‌ల సమోసా తెస్తనని పోయిన. లైను పెద్దగుండె. సక్కు నా తోనే నిలవడ్డది. మేం లోపలికొచ్చేటాల్లకు సినిమా షురూ అయింది. గప్పుడే వచ్చి పోయినట్టుంది. ఇగ అది నాతోని మాట్లాడతలేదు." అంతలో తనే నవ్వింది. "మాట్లాడతలేదంటే, అది ఎట్లనూ మాట్లాడలేదు. గొంతుల గడ్డయితే దవాఖానల ఆపరేషన్ చేసిన్రు, పాట పాడిన రెండు నెలలకు. ఇగ మాట రాదు. కానీ మొకం తిప్పుకుంటది సూడు, గదే దాని లొల్లి."

నేను తడిసిన కప్పును సింకులో పెట్టాను.

"మల్ల మంగళారం పోతం. ఈసారి సమోసా గిమోసా ఏం లేదు. సీట్లకెల్లి లేవనే లేవం. దాని గొంతు అండ్లనే ఉన్నది గద, ఒక్కసారి ఇనాలె అది."

తీసేశారండీ, నేనే తీసేయమన్నాను అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "కనుక్కుని చెప్తానండీ" అని సీటుకి పారిపోయాను.

కనుక్కున్నాను. పాట ఆల్బమ్‌లో లేదు. యూట్యూబ్‌లో లేదు. తెలిసినవాళ్లని పట్టుకుని సినిమా ఆఫీసు నంబరు సంపాదించాను. ఎడిటింగ్‌లో పనిచేసే కుర్రాడెవరో ఎత్తాడు.

"ఫుల్ వెర్షన్ హార్డ్ డిస్క్‌లో ఉంటుంది మేడం. ఇప్పుడు ఎవరు తీస్తారు? వచ్చే నెల ఓటీటీలో వచ్చేదానికి కూడా ట్రిమ్ చేసిందే పంపేశాం."

"పాడినవాళ్లకైనా ఆ ముక్క ఇవ్వండి."

"లీకైతే ఎవరు మేడం బాధ్యత?"

"మీరే పారేసిన పాట లీకైతే మీకు పోయేదేమిటయ్యా?"

ఫోన్ పెట్టేశాడు.

మంగళవారం రాకముందే చెప్పాలి. వాళ్లు మళ్లీ టికెట్టు కొనుక్కుని, మూడు గంటలు కదలకుండా కూర్చుని, రాని పాట కోసం చూడకూడదు. ఆదివారం సాయంత్రం షేర్ ఆటో ఎక్కి నానక్‌రామ్‌గూడలో దిగాను. బిల్డింగుల నీడ నాలుగింటికే గల్లీని కప్పేసింది. భాగ్యమ్మ ఇంటి గడప దగ్గర ఒకామె చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. మెడకి తెల్ల రుమాలు. సక్కుబాయి. కొంచెం దూరంగా, వీపు ఇటు పెట్టి భాగ్యమ్మ.

నోటితో చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఫోన్ తీసి నా వీడియో పెట్టి చేతికిచ్చాను. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చూశారు. "హాయిగా బాత్రూంకి వెళ్లి రావచ్చు" అని నా గొంతు ఆ గల్లీలో గట్టిగా వినబడింది. తర్వాత ఈలలు. భాగ్యమ్మ రెండోసారి పెట్టమంది. పెట్టాను.

"అంటే సమోసాది తప్పు గాదన్నట్టు," అంది చివరికి. సక్కుబాయి భుజం మీద ఒక్కటి చరిచింది. "ఇన్నవా? నా తప్పు గాదు! ఐదు దినాలసంది మొకం తిప్పుకుంటివి గదనే!"

తర్వాత నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"సరే గానీ బిడ్డా, నువ్వైతే ఇన్నవ్ గద. పాడినోళ్లం మేం ఇనలే, నువ్వు ఇన్నవ్. జర చెప్పు. హాల్ల ఎట్లుండె మా సక్కు గొంతు?"

సక్కుబాయి చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి ముందుకి వంగింది.

వెతికాను. నా బుర్రంతా వెతికాను. వందల సినిమాల్లో ఏ పాట ఎన్నో నిమిషంలో వస్తుందో చెప్పగల బుర్ర ఇది. ఏమీ లేదు.

"నేను ఫోన్ చూసుకుంటున్నానండీ."

"నాలుగు నిమిషాలా?"

"నాలుగు నిమిషాలూ."

అప్పుడు గుర్తొచ్చింది. పాట కాదు, పక్క సీటు. "ఒక పెద్దాయన పాప్‌కార్న్ నములుతున్నాడండీ, ఒకటే చప్పుడు. మీ పాట మధ్యలో ఆపేశాడు. చేతిలో ఉన్నది నోట్లో పెట్టుకోలేదు. పాట అయిపోయేదాకా చప్పుడు లేదు."

సక్కుబాయి నవ్వింది. శబ్దం లేదు, భుజాలు కదిలాయి. వేళ్లు తిప్పి ఏదో సైగ చేసింది.

"మల్ల చెప్పుమంటుంది," అంది భాగ్యమ్మ.

మళ్లీ చెప్పాను. మూడోసారి కూడా అడిగింది. ఈసారి అరచేత్తో గడప మీద తట్టి, కనుబొమలు ఎగరేసింది.

"ఏ మాట కాడ ఆపిండు, అంటుంది."

"తెలీదండీ."

భాగ్యమ్మ గొంతు సవరించుకుని, ఎవరికోసమో కాదన్నట్టు, మెల్లగా ఎత్తుకుంది. "నెత్తి మీద గుట్ట, నేల మీద పాదం..." అక్కడ ఆగింది. అక్కడ సక్కుబాయి అందుకోవాలి. "అడుగెయ్యి, అడుగెయ్యి" అనాలట. సక్కుబాయి అరచెయ్యి గడప మీద రెండుసార్లు పడింది. ఆ ఖాళీలో మెయిన్ రోడ్డు మీద ఆటో హారన్ ఒకటి మోగింది. భాగ్యమ్మ రెండో చరణానికి వెళ్లలేదు.

అందుకే అడుగుతున్నాను. బతిమాలడం కాదు. ఆ హార్డ్ డిస్క్ బయటికి తీయండి. ఓటీటీకి పూర్తి సినిమా పంపండి. పాట దగ్గర భాగ్యమ్మ, సక్కుబాయి అని పేర్లు వేయండి, కనబడేంత పెద్దగా. అంతకన్నా ముందు, ఓ మంగళవారం పొద్దున ఒక హాల్లో ఆ పాట ఉన్న సినిమా వేసి వాళ్లిద్దరినీ మధ్య వరసలో కూర్చోబెట్టండి. గేటు దగ్గర అందరి ఫోన్లూ లాక్కుని కవర్లో వేయండి. మొదట నాది లాక్కోండి. మైకు పట్టుకునే తమ్ముళ్లూ, ఆ రోజు బయట నిలబడి మళ్లీ నన్నే అడగండి, నా మాట నేనే మింగుతాను.

శుక్ర, శని, ఆదివారాల్లో ఆ సినిమా చూసినవాళ్లు వేలమంది ఉన్నారు. మీలో ఏ ఒక్కరికైనా ఆ పాట చెవిలో మిగిలి ఉంటే నానక్‌రామ్‌గూడ రండి. ఎనిమిదింటి ఆటలో పాప్‌కార్న్ నమలడం ఆపిన పెద్దాయనా, మీరెవరో నాకు తెలీదు, మీ ముఖం కూడా నేను చూడలేదు. ముందు మీరు రండి. ఏ మాట దగ్గర ఆపారో వచ్చి సక్కుబాయికి చెప్పండి.