తవ్వి సూసేరేటండీ

పద్మకుమారి టీచరు రిటైరై ఏడాది కావస్తోంది. కోటబొమ్మాళిలో, స్టేషనుకి కూతవేటు దూరంలో ఇల్లు. 2018 జనవరిలో ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో అంగారకుడి ఫొటో కనబడింది. ఎర్రటి కొండచరియ, దాని మధ్యలో నీలంగా ఒక చార. ఆ చార మంచుట. పైన మీటరో రెండు మీటర్లో మట్టి, దాని కింద వంద మీటర్ల మందాన మంచు.

ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

"దేవి" అంది పైకే.

ముప్పై అయిదేళ్ళ కిందటి మాట. విజయనగరంలో పుట్టి పెరిగిన పద్మకుమారికి మొదటి ఉద్యోగం భావనపాడు దగ్గర, సముద్రపొడ్డున ఒక బడిలో వచ్చింది. రెండు రేకుల గదులు. కిటికీలోంచి ఎండుచేపల వాసన. మొదటి నెలంతా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే పాఠం చెప్పింది. ఏడాది తిరిగేసరికి, సెలవులకి ఇంటికెళ్తే ఆ వాసన లేక ఏదో వెలితిగా ఉండేది.

దేవి ఎనిమిదో తరగతి. వాళ్ళయ్య గంగులు పడవల వాళ్ళకోసం ఒడ్డున ఐసు దాచేవాడు. లారీలో వచ్చిన దిమ్మల్ని ఇసకలో గొయ్యి తీసి దింపి, చుట్టూ ధాన్యపు ఊక కూరి, పైన తడి గోనెలు కప్పేవాడు. ఏప్రిల్ ఎండల్లో కూడా ఆ దిమ్మలు రెండు మూడు రోజులు నిలిచేవి.

ఒకరోజు గ్రహాల పాఠం. అంగారకుడి మీద ధ్రువాల దగ్గర తప్ప అంతా ఎండిన నేలేనని పద్మకుమారి చెప్పింది. దేవి లేచి నిలబడింది.

"తవ్వి సూసేరేటండీ?"

"ఏంటి?"

"మా అయ్య గొయ్యి కూడా పైకి ఇసకలాగే ఉంటాదండి. తవ్వితేనే ఐసు."

"అయితే మీ అయ్యని పంపుదాం, తవ్వుకొస్తాడు" అంది పద్మకుమారి. క్లాసంతా గొల్లుమంది. దేవి తలవంచుకుని కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల తాటాకు బుట్టలో ఊక నింపి, అందులో పిడికెడంత ఐసు ముక్క పెట్టి తెచ్చింది. బల్లమీద పెట్టి ఏమీ మాట్లాడకుండా నిలుచుంది. ఇంకా వాదన వదల్లేదనుకుంది పద్మకుమారి. "లారీలో వచ్చిన ఐసుకీ అంగారకుడికీ ఏంటే సంబంధం? పో, కూర్చో" అని కసిరింది. ముక్క కరిగి, బల్ల మీంచి బొట్లు బొట్లుగా నేలమీద పడింది. వేసవి సెలవుల తర్వాత దేవి బడికి రాలేదు. ఆ పైఏడు పద్మకుమారికి బదిలీ అయింది.

పేపరు మడిచి సంచిలో పెట్టుకుని భావనపాడు ఆటో ఎక్కింది.

బడి ఉన్నచోట ఇప్పుడు డాబా బిల్డింగు. ఒడ్డున గోతులు లేవు, తెల్లటి థర్మాకోల్ పెట్టెలు వరసగా ఉన్నాయి. గంగులు కూతురు దేవి ఎక్కడని అడిగితే, చేపలు ఏరుతున్న ఒకావిడ తలెత్తింది. కణతల దగ్గర జుట్టు నెరిసింది గానీ, ఆ సూటి చూపు మారలేదు.

"పంతులమ్మగోరా! నన్ను ఎతుక్కుంటా వచ్చేసేరేటి!"

ఇసకలోనే గోనె పరిచి కూర్చోబెట్టింది. పద్మకుమారి పేపరు విప్పి నీలం చార చూపించి, అంగారకుడి మీద మట్టి కింద వంద మీటర్ల మందాన ఐసు ఉందని చెప్పింది. "నువ్వు అడిగిందే నిజమైంది దేవీ. ఆ రోజు నేను నిన్ను నవ్వులపాలు చేశాను."

దేవి ఫొటోని ఎండకి ఎత్తి పట్టుకుని చూసింది. "అలగడిగేనా నాను? నాకేటీ గుర్తు లేదమ్మా."

"ఐసు ముక్క తెచ్చావు, ఊకలో పెట్టి. నాకు రుజువు చూపించాలని."

"అదా!" దేవి పకపకా నవ్వింది. "అది గుర్తున్నాది. రుజువూ లేదు, గిజువూ లేదు. ఎండకి మీ మొకం కందిపోయి, పాటం సెప్తా గోడకి సేరబడిపోయేవోరు. సల్లగా నోట్లో ఏసుకుంటారని ఒట్టుకొచ్చాను. మీకు సెప్పాలంటే సిగ్గు. అయ్యకి తెలిసి ఈపు ఇమానం మోతెక్కించీసేడు."

పద్మకుమారి ఇన్నేళ్ళూ ఆ పిల్ల మొండితనాన్ని తలుచుకుని గర్వపడింది, తన మాటని తలుచుకుని బాధపడింది. ఇది మాత్రం ఎన్నడూ తోచలేదు. సముద్రం కేసి చూస్తూ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మరి ఆ ఐసుని ఎవులు పూడ్సేరమ్మా?" అడిగింది దేవి, ఫొటో వదలకుండా.

"ఎవరూ కాదు. ఎప్పుడో మంచు కురిసింది. దానిమీద దుమ్ము పడింది."

"ఊక లేకుండానేనా!" దేవి గట్టిగా పక్కావిడని పిలిచింది. "ఒసే కూర్మమ్మా, ఇలగ్రా! మా పంతులమ్మగోరు ఏటి తెచ్చేరో సూడు. ఆకాసంలో ఎర్రసుక్క ఉన్నాది కదా, దాన్లో నూరు తాటిసెట్ల లోతున ఐసు ఉన్నాదట. కుప్పలు కుప్పలట!"

ఒకరొకరే ఆడవాళ్ళు చుట్టూ చేరారు. దేవి చేపలు ఏరుతూనే చెప్పుకుపోతోంది. లోతూ తప్పే, లెక్కా తప్పే. పద్మకుమారి సరిదిద్దబోయి, ఊరుకుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టి, తడి ఇసకలో కాళ్ళు చాపుకుని వింటూ కూర్చుంది.