చూస్తూనే ఉంటాను

అత్తగారిని ఒక పక్కకు ఒత్తిగిలించి, వీపు కింద తడిసిన దుప్పటి లాగుతుండగా గోడమీది కెమెరా పలికింది.

"మెల్లిగా. అమ్మ భుజం నలుగుతోంది."

భర్త గొంతు. ఆఫీసు నుంచి. ఆమె తలెత్తలేదు. దుప్పటి లాగేసి, పొడిది పరిచి, ఆవిడని మళ్ళీ వెల్లకిలా తిప్పింది. అత్తగారికి పక్షవాతం వచ్చాక "నీకు సాయంగా ఉంటుంది" అంటూ అతను పెట్టించిన కెమెరా అది. సాయం సంగతేమో గానీ, అప్పట్నుంచీ ఇంట్లో ఆమె చేసే ప్రతి పనికీ ఒక గొంతు తోడైంది. మాత్ర వేశావా? గిన్నె అక్కడే వదిలేశావేం? అమ్మ పడుకోగానే పుస్తకం పట్టుకున్నావా?

ఆ పుస్తకాలు డిగ్రీవి. ఇంటర్ కాగానే పెళ్ళయి, ఇరవయ్యేళ్ళు ఇల్లు దాటని ఆమె, విశ్వవిద్యాలయంలో 'శాస్త్రం, సాంకేతికత, సమాజం' అనే కోర్సులో చేరింది. ఇంటికెవరొచ్చినా అతనికి అదొక నవ్వులాట. "మా ఆవిడ చదివేది శాస్త్రమూ కాదు, సాంకేతికతా కాదు. ఇక మిగిలింది సమాజం. అది వీధిలోకెళ్తే ఊరికే దొరుకుతుంది కదా!" వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె కూడా టీ కప్పులు అందిస్తూ నవ్వేది. అలా నవ్వినందుకు తర్వాత వంటగదిలో తనమీద తనకే అసహ్యం వేసేది.

చదువు గురించి ఆ ఇంట్లో నవ్వనిది అత్తగారొక్కతే. వయసులో ఉన్నప్పుడు ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఆటోమేటిక్ యంత్రాలు రాగానే ఆడవాళ్ళందరినీ ఇంటికి పంపేశారట. కోడలు ఆవిడ కాళ్ళకి నూనె రాస్తూ పాఠం పైకి చదువుతుంటే, ఆవిడ కళ్ళు మూసుకుని వినేది. ఒకరోజు, కొత్త యంత్రం వచ్చినప్పుడు పని ఎవరి చేతుల్లోంచి పోయింది, ఎవరి నెత్తిన పడింది అని అడగాలని టీచరు చెప్పిన మాట చదివి వినిపించింది. అత్తగారు కళ్ళు తెరిచి, ఒక పక్కకు వాలిన నోటితో, "మమ్మల్ని... ఎవరూ... అడగలా" అంది. ఆ ముక్క చెప్పడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. కోడలు నూనె చేతులతోనే ఆవిడ చెంప తుడిచింది.

ఆమె క్లాసుకెళ్ళే పూటల్లో ఒక ఆయా వచ్చి కూర్చునేది. సరిగ్గా పరీక్షనాడే ఆయాకి జ్వరం. హాల్ టికెట్ బల్లమీద పెట్టేసి, చెప్పులు విడిచి, ఆమె మంచం పక్కన కూలబడింది.

"అదేంటి, వెళ్ళు. నేను చూస్తూనే ఉంటాను కదా," అన్నాడు అతను బూట్లు వేసుకుంటూ. "అమ్మ ఎటూ మంచం దిగదు."

అంత మంచిగా అతను మాట్లాడి ఎన్నాళ్ళయిందో. ఆ మాట పట్టుకుని ఆమె పరిగెత్తింది.

పరీక్ష బాగా రాసింది. చేయి నొప్పెట్టేదాకా రాసింది. బయటికొచ్చాక, తనతో చదివే, కూతుళ్ళ వయసు పిల్లలు "రా అక్కా" అని లాక్కెళ్తే క్యాంటీన్లో టీ తాగింది. ఏదో జోకుకి పొలమారేంతగా నవ్వింది. ఆ నవ్వుతోనే, పరీక్షకని ఆపేసిన ఫోను తెరిచింది. తెరనిండా అతని నంబరే.

ఇంటికొచ్చేసరికి అత్తగారు మంచానికీ గోడకీ మధ్య నేలమీద ఉంది. మంచినీళ్ళ కోసం చెయ్యి చాచి జారిపోయిందట. చీర తడిసిపోయింది. తలుపు చప్పుడవగానే గోడ అరిచింది. "ఇప్పుడా రావడం? ఎన్నిసార్లు ఫోన్ చేశానో తెలుసా?"

తుంటి విరిగింది. ఆ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదన్నారు డాక్టర్లు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం అత్తగారు కోడలి వేలు పట్టుకుంది.

"వాడు... పైనుంచి... మాట్లాడుతూనే ఉన్నాడు. రాలేదేం?"

"ఆఫీసులో పనుండి ఉంటుంది అత్తయ్యా," అంది ఆమె, అలవాటు కొద్దీ.

వారం తిరగకుండానే ఆవిడ పోయింది.

దినాలకి వచ్చిన ఆడపడుచు అందరి ముందూ అననే అంది. "అమ్మని ఒంటరిగా వదిలేసి పరీక్షకెళ్ళడానికి నీకు మనసెలా ఒప్పింది వదినా?" కోడలు తన భర్త వైపు చూసింది. వెళ్ళమన్నది నేనే అని అతను అంటాడని. అతను తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆమె తల దించుకుంది. నేలమీద ఆవిడని చూసిన క్షణంలో తనకీ మొదట తోచింది అదే కదా, నేను వెళ్ళకుండా ఉండాల్సిందని. అతను రావాల్సిందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. అడిగింది పోయిన మనిషి ఒక్కతే.

చుట్టాలు వెళ్ళిపోయాక ఖాళీ మంచం పక్కన నిలబడి, ఆమె అతన్ని అడిగింది.

"వీలున్నప్పుడల్లా భోజనానికి ఇంటికే వస్తారు కదా. స్కూటరు ఎక్కితే ఇట్టే వచ్చేయొచ్చు. అత్తయ్య కింద పడి ఉండటం చూస్తూ, నాకు ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. ఒక్కసారైనా, నేనే వెళ్తే సరిపోతుంది కదా అని మీకు అనిపించలేదా?"

అతను కోప్పడతాడనుకుంది. పనుందనో, బండి పాడైందనో అంటాడనుకుంది. అతను నిజంగానే ఆలోచించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"లేదు," అన్నాడు. "ఒట్టు. నాకు తట్టనే లేదు. నువ్వున్నావు కదా అనుకున్నాను."

అబద్ధం చెప్పి ఉంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదేమో. ఆమె దుప్పటి మడిచి మంచంమీద పెట్టింది. తర్వాత, రేపు ఏం కూర వండనూ అని అడిగే గొంతుతోనే చెప్పింది.

"యూనివర్సిటీ హాస్టల్లో నాకొక గది ఇస్తారేమో, పొద్దున్నే వెళ్ళి అడుగుతాను."