తేల్చిన మాట

ఎల్లారావు డప్పు మోగిందంటే, పొయ్యి మీద కూర మాడినా సరే, ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చేస్తారు. ఆ డప్పుకో కట్టుబాటుంది. కబురు చెప్పాక అది చూసిన మాటో, విన్న మాటో కూడా చాటాలి. చూసిన మాటైతే పల్లె కదులుతుంది, విన్న మాటైతే ఆగి ఆలోచిస్తుంది. ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారీ దాన్ని తారుమారు చెయ్యలేదు. ఆ పరువే ఆయన ఆస్తి.

ఆ పరువుకే ఇప్పుడు ముప్పొచ్చింది. ఫ్యాక్టరీ గొట్టం సముద్రంలో కలిసే చోట చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, చేపల వేటకెళ్లాలా వద్దా అని పల్లె తటపటాయిస్తోంది. కంపెనీ ఆఫీసరు గంగాధరరావు కారు దిగి కాగితం చదివాడు. "నీళ్లలో విషం ఉన్నట్టు ఎలాంటి ఆధారమూ లేదు. ఇది చాటించండి."

ఎల్లారావు డప్పు అందుకున్నాడు. "సదూకున్నోరు రాసి తెచ్చేరంటే సూసే ఉంటారు. సూసిన మాటనే సాటుతాను."

"ఆగయ్యా!" అంది కూతురు నాగశ్రీ. యూనివర్సిటీలో తర్కశాస్త్రం చదువుతోంది. జనానికి చెప్పే మాటల్లో నమ్మకమెంత, నిజాయితీ ఎంత అని గుర్తులు పెట్టి లెక్కగట్టడం ఆమె పరిశోధన. పల్లె ఆ చదువును చూసి నవ్వుతుంది, ఆమె లెక్కచెయ్యదు.

"సార్, నీళ్లు పరీక్ష చేయించారా?"

"ఆధారం లేదని చెప్తున్నా కదమ్మా."

"నానడిగింది అది కాదు. పరీక్ష చేయించారా?"

"అదే చెప్తున్నా, ఆధారం లేదు."

నాగశ్రీ ఇసుకలో ఒక పొడుగు గీత, ఒక పొట్టి గీత గీసి, ఒక్కోదాన్నీ చూపిస్తూ అంది. "అయ్యా, 'విషం నేదని తెలుసు', ఇది గట్టి మాట. 'ఉందని తెల్దు', ఇది బోలు మాట. కళ్లు మూసుకున్నోడు కూడా బోలుది సెప్పగలడు. మనల్ని ఒప్పించడానికొచ్చినోరి దగ్గర గట్టి మాటుంటే దాసుకుంటారేటి? రెండుసార్లడిగినా తియ్యనేదంటే, ఆయన దగ్గర నేదన్నమాట. పరీచ్చ సేసి విషం దొరికుంటే 'ఆధారం నేదు' అని రాయనేరు. అంటే నీళ్లే సూణ్ణేదు."

గంగాధరరావు మొహం జేవురించింది. "పైనుంచి వచ్చింది చదివానంతే," అంటూ కారెక్కేశాడు.

ఎల్లారావు డప్పు నిమురుతూ నిలబడ్డాడు. లోపల భయంగానే ఉంది. "అమ్మీ, ఇదేటని సాటమంటావ్? సూసిందీ కాదు, ఇన్నదీ కాదు."

"తేల్సిన మాటయ్యా. ఎలా తేలిందో కూడా సెప్పు. తప్పుంటే ఎవులైనా అడుగుతారు."

డప్పు మోగింది. "కంపెనీవోళ్లు నీళ్లు పరీచ్చ సెయ్యనేదు! సేసీవరకూ ఏటకెళ్లకండి! ఇది సూసిన మాట కాదు, ఇన్న మాట కాదు..." డప్పు మీద ఇంకో దెబ్బ వేశాడు. "మా నాగశ్రీ తేల్సిన మాట!"

ఆపైన బోలు మాటా గట్టి మాటా వీధివీధికీ విడమరిచి చెప్పాడు. కూతురికన్నా తనే బాగా చెప్పానని తర్వాత గొప్పలు కూడా పోయాడు లెండి.

తెల్లారి ఒక్క పడవా కదల్లేదు. మధ్యాహ్నానికి మళ్లీ కారొచ్చింది. గంగాధరరావు నోరు తెరవకముందే చేపలమ్మే పోతమ్మ ఖాళీ బుట్టతో అడ్డం నిలబడింది. "బాబూ, సూసిందా, ఇన్నదా, తేల్సిందా? ముందది సెప్పు."

ఈసారి ఆయన చేతిలో కాగితం లేదు. నీళ్లు పట్టడానికి ఖాళీ సీసాలున్నాయి.