బోర్డు ముందు దండాసి

మెడికల్ బోర్డు ఏమేం అడుగుతుందో రాధారాణికి కంఠతా వచ్చు. ఆ తెలుగు ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి కాబట్టి బర్మీస్‌లో వచ్చే ప్రతి కాగితమూ ఆమె ఒళ్ళోనే పడేది. ఊరి చివర లైంగ్‌థార్యార్ పేటలోని బట్టల ఫ్యాక్టరీలో వేడి ప్రెస్సు కింద తండ్రి దండాసి కుడిచెయ్యి పడ్డాక వచ్చిన కాగితాలన్నీ ఆమె చదివినవే.

చదవగా చదవగా ఆమెకు అర్థమైంది ఇదీ. కార్మికుల బీమా నుంచి వచ్చే భృతి మంజూరైంది గానీ తాత్కాలికంగా మంజూరైంది. గాయం కుదుటపడ్డాక మళ్ళీ చూస్తారు. చూశాక అలాగే ఉంచొచ్చు, తగ్గించొచ్చు, ఆపేసినా ఆపేయొచ్చు. వాళ్ళు కొలిచేది దెబ్బ ఎంత పెద్దదని కాదు. ఆ చేత్తో మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడని. ఒకరి సాయం లేనిదే రోజు గడవదంటే ఒక తరగతి, గడుస్తుందంటే అంతకు కింది తరగతి. పబేడాన్ పేటలో వాళ్ళుంటున్న ఒంటిగది ఆ పై తరగతి భృతి మీదే నిలబడింది. తల్లి బాలామణి ఫుట్‌పాత్ మీద వేసే గారెలు, రాధారాణి కొట్లో రాసే లెక్కలు బియ్యానికీ నూనెకీ సరి.

"నాన్నా, ఒంట్లో ఎలా ఉందని అడిగితే బాగుందనకు," అంది ఆమె, సమీక్షకు వెళ్ళే రోజు పొద్దున్నే.

"మరేటనమంటావే? పెద్ద డాక్టరమ్మ ఎదురుగా కూకుని అంత మర్యాదగా అడిగితే, ఒంట్లో బాగోలేదని ఏడవమంటావేటి?"

"ఏడవద్దు. చేసుకోలేనివి చెప్పు."

"సెప్తాన్లే."

గడ్డం గీయించుకుని, జుట్టుకు కొబ్బరినూనె రాసి, తెల్లచొక్కా తొడుక్కున్నాడు. చొక్కా బొత్తాలు బాలామణి పెట్టింది.

"పెల్లిచూపులకా?" అంది ఆవిడ.

"మరి ముష్టోడిలాగ ఎల్లమంటావా?"

రాధారాణికి ఒళ్ళు మండింది. నలిగిన చొక్కాతో రమ్మని రాత్రి నుంచీ బతిమాలింది.

బోర్డు గదిలో ముగ్గురున్నారు. మధ్యలో ఉన్న డాక్టరమ్మే మాట్లాడింది, బర్మీస్‌లో. చెయ్యి చాచమంది. చాచాడు. వేళ్ళు విప్పమంది. నాలుగూ అతుక్కుపోయిన పిడికిలి విడలేదు. భుజం పైకెత్తమంటే సగానికి వచ్చి ఆగింది. అంతవరకూ బాగానే ఉంది.

"అన్నం?"

"చెంచాతో తింటానండీ, ఎడంచేత్తో."

"స్నానం?"

"పోసుకుంటానండీ."

"చొక్కా?"

"వేసుకుంటానండీ."

పక్క కుర్చీలో రాధారాణి చున్నీ కొస నలిపేస్తోంది.

"లుంగీ ఎవరు కడతారు, దండాసిగారూ?"

అసలైన ప్రశ్న అదే. ఈ ఊళ్ళో మగవాడు లుంగీ కట్టాలంటే రెండు పిడికిళ్ళతో రెండు కొసలూ బిగలాగి బొడ్డు దగ్గర ముడి తిప్పాలి. ఒంటిచేత్తో కుదిరే పని కాదు. రబ్బరు నడుము ఉన్న ప్యాంటు కొనిస్తే చంటిపిల్లల లాగుందని దండాసి విసిరికొట్టాడు. రోజూ పొద్దున్న ఆ ముడి వేసేది బాలామణే.

దండాసి ఒకసారి కూతురి వైపు చూశాడు. తర్వాత గోడ వైపు చూశాడు.

"నేనేనండీ," అన్నాడు.

"కాదండీ. మా అమ్మ కడుతుంది," అంది రాధారాణి ఆపుకోలేక.

"నోర్ముయ్యే!" అన్నాడు తెలుగులో. మళ్ళీ బర్మీస్‌లోకి మారి, "పిల్ల పొద్దున్నే పనికి పోతుందండీ. దానికేం తెలుసు?" అన్నాడు.

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆయన నోటితో ఆయనే చెబుతున్నాడు కదమ్మా. మేం రాసుకునేది ఆ మాటే," అంది.

కింది తరగతికి దించినట్టు నెల తిరక్కుండానే కబురు వచ్చింది.

"ఒక్క మాట నాన్నా! ఒక్క నిజం చెప్పడానికి ఏమైంది నీకు?" అని రాధారాణి ఇల్లెగిరిపోయేలా అరిచింది.

బాలామణి గారెల పిండి చెయ్యి కడుక్కుని వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది. "నువ్వే కట్టుకుంటావటగదా. మంచిదే. రేపట్నించి కట్టుకో, సూద్దాం."

అన్నట్టే మర్నాడు ఆవిడ ముడి వెయ్యలేదు. దండాసి రోజంతా ఎడంచేత్తో లుంగీ పట్టుకుని తిరిగాడు. ఆ చెయ్యి కాస్తా లుంగీకే సరిపోవడంతో టీ కప్పు కూడా అందుకోలేకపోయాడు. సాయంత్రానికి తనే, "బాలీ, ఇలా రా," అని పిలిచాడు. రాధారాణి వెంటనే మంచినీళ్ళ డబ్బా తీసుకుని మెట్లు దిగిపోయింది.

బీమా ఆఫీసు గుమస్తా కో మిన్ మంచివాడే. గడువులోగా అభ్యంతరం పెట్టుకుంటే వేరే బోర్డు చూస్తుందన్నాడు. "కానీ ముందు చెప్పింది తప్పని ఆయనే చెప్పాలి చెల్లీ. మీరు చెబితే చెల్లదు. ఇక్కడ అందరూ కూతుళ్ళనీ కొడుకుల్నీ వెంటబెట్టుకుని వస్తారు, వాళ్ళ చేతే మాట్లాడిస్తారు. బోర్డుకు అది గిట్టదు."

ఇంటికొచ్చి రాధారాణి మళ్ళీ ప్రశ్నలూ జవాబులూ మొదలుపెట్టబోయింది. బాలామణి ఆపింది.

"ఈసారి నువ్వు లోపలికెల్లకు."

"నేను లేకపోతే మళ్ళీ అంతా బాగుందంటాడమ్మా!"

"అంటే అననీ. ఎదిగిన కూతురు పక్కన కూకుంటే, నా పెల్లాం నాకు లుంగీ కడతాదని ఏ మగోడు సెప్తాడే? ఇన్నాల్లూ నువ్వు నీల్లకెల్లినప్పుడే కడుతున్నాను. నువ్వెప్పుడైనా సూసినావా?"

చూడలేదు. తెలియక కాదు. ఒంటిగదిలో ముగ్గురు బతకాలంటే కొన్ని వేళల్లో ఒకరు మెట్లు దిగి వెళ్ళాలి. ఆ మర్యాద పాటిస్తూ వచ్చింది ఆమే. బోర్డు గదిలో మరచిపోయిందీ ఆమే. అయినా కోపం చల్లారలేదు. నియమాలన్నీ తెలిసిన మనిషి బయట, ఒక్కటీ తెలియని మనిషి లోపల. ఇదెక్కడి న్యాయం?

రెండో బోర్డు రోజున ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుంది. కరెంటు లేదు. కిటికీ కింద జనరేటరు మోతలో లోపలి మాట ఒక్కటీ వినిపించలేదు. మధ్యలో ఎవరో నవ్వారు. ఎందుకు నవ్వారు? మళ్ళీ ఏ గొప్పలు పోతున్నాడు? లేచి తలుపు దాకా వెళ్ళింది. గొళ్ళెం మీద చెయ్యి వేసి, తీసేసి, వచ్చి కూర్చుంది.

దండాసి బయటికి వచ్చేసరికి చొక్కా పైకి లేచి ఉంది. కట్టి చూపించమన్నారు కాబోలు, లుంగీ ముడి విడిపోయి ఎడం పిడికిట్లో ఉంది.

"ఏం చెప్పావు నాన్నా?"

"అడిగినవాటికి సెప్పాను."

"ఏమడిగారు?"

"నీకెందుకే? పద."

కో మిన్ వెనకే వచ్చాడు. పాత తరగతే మళ్ళీ ఇవ్వమని బోర్డు రాసిందట. రాధారాణికి ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాతి మాట విన్నాక మళ్ళీ కూలబడింది. భుజానికి ఇంకా వైద్యం జరుగుతోంది కాబట్టి ఇదీ తాత్కాలికమేనట. వచ్చే ఏడు మళ్ళీ సమీక్ష.

"మళ్ళీనా! ఆ వేళ్ళు ఇక విడవని మీ డాక్టర్లే కదా రాశారు?"

"రూలు, చెల్లీ. భుజం సంగతి తేలేదాకా శాశ్వతమని రాయరు."

"వచ్చే ఏటికి కొత్త ఏల్లు మొలుస్తాయని ఆశేమో ఈల్లకి," అన్నాడు దండాసి తెలుగులో. కో మిన్ ఏమిటన్నట్టు చూశాడు. ఆమె చెప్పలేదు.

బస్టాపులో రాధారాణి తండ్రికి అయిదడుగుల దూరంలో ఆగిపోయింది. బస్సెక్కాలంటే కడ్డీ పట్టుకోవాలి. పట్టుకోగలిగే చెయ్యి లుంగీకే సరిపోయింది. అమ్మ ఇక్కడ లేదు.

"నాన్నా, నేను టీ తెస్తాను," అని రోడ్డు పక్క కొట్టు దగ్గరికి వెళ్ళి, అటే తిరిగి నిలబడింది. అవసరం లేకపోయినా టీ చల్లార్చమంది. వెనక నుంచి తండ్రి గొంతు వినిపించింది, బర్మీస్‌లో, ఎవరో సైడుకారు రిక్షా తొక్కే మనిషితో.

"అన్నా, ఈ ముడి కాస్త వేసిపెడతావా? చెయ్యి పని చెయ్యదు."

"ఇలా రా, పెద్దాయనా. ఊపిరి బిగబట్టు. ఆఁ, బిగువు చాలా?"

అంతే. క్షణం పట్టలేదు. ఒక బస్సు పోయింది. వచ్చే ఏడు కూర్చునే ముగ్గురు ఎవరో, వాళ్ళకి మళ్ళీ మొదటి నుంచీ ఎలా చెప్పాలో అనుకుంటూ ఆమె టీ పట్టుకుని అటే చూస్తూ నిలబడింది.

"ఒలమ్మీ, ఇంకో బస్సొస్తంది. రావేటి?" అని పిలిచాక గానీ ఇటు తిరగలేదు.