టయానికి కదిలే బండి

నిరుడు ఆగస్టు పదిహేనున మధ్యాహ్నం గారెలూ కోడికూరా తిన్న సంగతి దేవరాజ్‌కి ఇప్పటికీ గుర్తే. ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది ఆ రోజే. అతను జగ్గయ్యపేట నుంచి నందిగామకి ప్యాసింజర్ వ్యాన్ తోలతాడు. మర్నాటికల్లా సగం సీట్లు ఖాళీ.

మిగిలిన మగవాళ్ల కోసం అతనికీ, అదే అడ్డాలో ఇంకో వ్యాన్ నడిపే సతీష్‌బాబుకీ పోటీ పడింది. యాభై రూపాయల ఛార్జీ నలభై అయింది, ఆనక ముప్పై. డీజిల్ ఖర్చు కూడా రాకపోయేసరికి దేవరాజ్ బండి అమ్మకానికి పెట్టాడు. మైలవరం నుంచి బేరగాడు శనివారం వస్తానన్నాడు. బండి పోతే వేరే పని తెలియదు.

ఆ అడ్డాలో ఒక అలవాటుంది. ఖాళీ బండి ఎవరూ ఎక్కరు కాబట్టి డ్రైవర్లు ముందు తమవాళ్లనే కూర్చోబెడతారు. బండి బయల్దేరి ఊరి చివర పెట్రోలు బంకు చేరాక వాళ్లు దిగిపోతారు. గురువారం పొద్దున దేవరాజ్ ముందు సీట్లో అత్త సౌభాగ్యమ్మ, వెనక బావమరిది బెన్ని కూర్చున్నారు.

"ఏం దేవన్నా, బస్సు ఊరికే తీసుకెళ్తుంటే ఆ పెద్దావిడ నీకు ముప్పై ఇచ్చి ఎక్కిందా?" అని అరిచాడు సతీష్‌బాబు.

"నీ బండిలో ఉన్నోళ్లంతా నీ పెళ్లిలో భోంచేసినోళ్లే గదరా!" అన్నాడు దేవరాజ్.

ఆ పూట విచిత్రంగా బండి తొందరగానే నిండింది. దేవరాజ్ హుషారుగా బయల్దేరి బంకు దగ్గర ఆపి, "మనోళ్లు దిగండి" అన్నాడు. సౌభాగ్యమ్మ దిగింది. బెన్ని దిగాడు. వాళ్ల వెనకే కుర్రాళ్లు వరసపెట్టి దిగారు.

"మీరెవరయ్యా?"

"మా క్రికెట్ టీము బావా. నువ్వు దిగులుపడతన్నావని నేనే రమ్మన్నా" అన్నాడు బెన్ని.

"ప్రభువా!" అని సౌభాగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదలడం చూసి దేవరాజ్‌కీ నవ్వు ఆగలేదు.

మూల సీట్లో ఒక్క పెద్దాయన మాత్రం కదల్లేదు. పేరు తిరుపతిరావు, రైతు. నందిగామ కోర్టులో వాయిదా ఉందిట.

"నేను నిజంగానే వెళ్లేవాణ్ణి బాబూ. ముప్పై అని నీ బండెక్కలా. ముందు ఆ బండిలో, ఆనక నీ బండిలో, ఇద్దరూ ఇదిగో, ఇదిగో అంటా గంట నుంచి కూర్చోబెట్టారు. టయానికి కదులుతానని చెప్పు, యాభైకీ ఎక్కుతా."

ఆ ఒక్కణ్ణే ఎక్కించుకుని దేవరాజ్ నందిగామ వెళ్లాడు. కాసేపటికి సతీష్‌బాబు ఇద్దరు ప్రయాణికులతో వచ్చాడు. టీ కొట్టు దగ్గర క్రికెట్ టీము కథ విని అతను గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు.

"నేనూ శనివారం అమ్మేస్తన్నా అన్నా" అన్నాడు చివరికి.

"ఎవరికి?"

"మైలవరం ఆయనకి. నువ్వు నాకంటే తక్కువకిస్తన్నావంట."

"నాకూ నీ గురించి అదే చెప్పాడురా!"

రెండో టీ అయ్యేలోపు మాట కుదిరింది. ఇద్దరిదీ ఒకటే ఛార్జీ, నలభై. ప్రతి గంటకీ సరిగ్గా ఒకరు, ఆ తర్వాత అరగంటకి ఇంకొకరు బయల్దేరాలి. బండి నిండినా నిండకపోయినా ఆగేది లేదు. తమవాళ్లని కూర్చోబెట్టేది అసలే లేదు. నెల ఆగమని మైలవరానికి చెరో ఫోనూ చేశారు.

మొదటి వారం ముగ్గురితో, నలుగురితో వెళ్తుంటే దేవరాజ్ మాటిమాటికీ డీజిల్ లెక్క వేసుకునేవాడు. మూడో వారానికి కాలేజీ పిల్లలూ, కొట్లలో పనిచేసేవాళ్లూ వాచీ చూసుకుంటూ రోడ్డు పక్కన నిలబడసాగారు. బస్సు అందని ఆడవాళ్లు కూడా ఎక్కుతున్నారు.

నెల నిండిన రోజు సాయంత్రం అతను బేరగాడికి ఫోన్ చేశాడు. "అమ్మటం లేదండీ" అని, ఆయన ఇంకేదో అంటుంటే, "లేదండీ, రేపు ఏడింటికి నాదే బండి" అని పెట్టేశాడు.

భార్య మహిమ అన్నం వడ్డిస్తూ అంతా వింది. ఇంకో గరిటె పప్పు వేసింది. చెయ్యి కడుక్కుని మంచం మీద వాలాడో లేదో అతనికి నిద్ర పట్టేసింది. ఇన్ని నెలల్లో అలా నిద్రపోవడం ఇదే మొదటిసారి.

మహిమ లైటు తీసేసి, గడియ చప్పుడు కాకుండా రెండు చేతులతో పట్టుకుని, వీధి తలుపు మెల్లగా వేసింది.