ఎమ్మెల్యేగారు ఓడిన ఎలక్షన్

మా అమ్మాయి శాసనసభ లైబ్రరీలో పని చేస్తుంది. కాంట్రాక్టు ఉద్యోగం. తనతోపాటు ఇంకో ముగ్గురు చేరారు. మూడేళ్లయింది. నెలాఖరులోగా నలుగురినీ పర్మనెంటు చేస్తారని ఆఫీసులో అనుకునేవారట. కాగితం చేతికొచ్చేదాకా నాకు ఏ మాట మీదా నమ్మకం ఉండదు. అందుకే ఎవరికీ చెప్పలేదు, మా అక్కకి కూడా.

ఎలక్షన్లు అయినప్పుడల్లా ఆ లైబ్రరీ వాళ్లు ఒక పుస్తకం వేస్తారు. ఒక్కో ఎమ్మెల్యేకి ఒక్కో పేజీ. ఎప్పుడు పుట్టారు, ఎంతవరకు చదివారు, ఏ పదవులు చేశారు, ఎన్నిసార్లు నిలబడ్డారు, ఎన్నిసార్లు గెలిచారు, ఎన్ని ఓట్లు వచ్చాయి, అన్నీ ఉంటాయి. ఎమ్మెల్యేలు నింపి పంపిన ఫారాన్ని మా అమ్మాయి పాత ఫలితాల పుస్తకాలతో సరిచూసి పేజీ తయారు చేస్తుంది. ఆ ప్రూఫు మళ్లీ వాళ్లకే వెళ్తుంది. సంతకం పెట్టి పంపితే అచ్చుకి పోతుంది.

మంగళవారం పొద్దున టీ తాగుతూ నవ్వుకుంటూ చెప్పింది. మా ఎమ్మెల్యేగారు వరసగా ఐదుసార్లు గెలిచారు. ‘ఓటమి ఎరుగని నాయకుడు’ అని మా వీధి మొదట్లోనే ఆయన బొమ్మ ఉంది. కానీ ముప్పై ఒక్క ఏళ్ల కిందట పక్క నియోజకవర్గంలో ఇండిపెండెంటుగా నిలబడ్డారట. మూడు వందల నలభై ఓట్లొచ్చాయి. డిపాజిట్ గల్లంతు. ఆ సంగతి ఫారంలో రాయలేదు. అట్ట ఊడిపోయిన పాత పుస్తకమొకటి తిరగేస్తుంటే దీనికి దొరికింది. దొరికితే ఊరుకోవాలి కదా? పేజీలో పెట్టేసింది.

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఎందుకు పెట్టావంటే, జరిగింది కాబట్టి పెట్టానంది. అంతటితో అయిపోతే సర్దుకునేదాన్నేమో. నిన్న ఆయన పీఏ ఫోన్ చేసి, ఈ పేజీ తయారు చేసిందెవరు, పూర్తి పేరేంటి అని అడిగాడట. ఇది చెప్పేసి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. పర్మనెంటు సంగతి తేల్చే లైబ్రరీ కమిటీలో ఆ ఎమ్మెల్యేగారు కూడా ఉన్నారని దానికి గుర్తే లేదు.

పూర్తి పేరు ఎందుకడుగుతారు? ఉద్యోగం ఊడగొట్టడానికి కాకపోతే?

మా ఆయనతో చెప్పాను. బస్సు డిపోలో మెకానిక్కు. బండి ఆగిపోయాకే పానా తీసే మనిషి. “నువ్వు మబ్బు పట్టకముందే తడిసిపోతావే,” అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

బుధవారం అమ్మాయి ఆఫీసుకి వెళ్లగానే నేను ఎమ్మెల్యేగారి ఇంటికి వెళ్లాను. అమ్మాయికి చెప్పలేదు. ముందుగదిలో గోడ పొడుగునా ప్లాస్టిక్ కుర్చీలు. పింఛను రానివాళ్లు, నీళ్ల కనెక్షను కావలసినవాళ్లు కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. నా చేతిలో కాగితం లేదు. పీఏ పనేంటని అడిగితే మా అమ్మాయి విషయమన్నాను. పెళ్లా, బదిలీయా అన్నాడు. సార్‌తోనే చెప్తానన్నాను. గంటన్నర కూర్చుని ఏం మాట్లాడాలో మనసులో పదిసార్లు చెప్పుకున్నాను. ఎనిమిదో తరగతితో ఆగిపోయినదాన్ని, పెద్దవాళ్ల ముందు మాట తడబడుతుందని భయం.

లోపలికి వెళ్లగానే ఆయన, “కూర్చోండమ్మా,” అన్నారు. ఆ మర్యాద చూసి నాకు ఇంకా భయమేసింది.

“బాబూ, మా అమ్మాయి చిన్నపిల్ల. తెలీక రాసింది. మనసులో పెట్టుకోకండి. నేను చెప్తే తీసేస్తుంది,” అన్నాను.

“ఏం రాసిందమ్మా?”

నా మొహంలోకి చూస్తూ నెమ్మదిగా అడిగారు. అప్పుడు అర్థమైంది నాకు. ఆయనకి ఏమీ తెలీదు. ఏమీ లేదు బాబూ, పొరపాటున వచ్చానని లేచి రావచ్చు. నోరు మాత్రం ఆగలేదు. మొత్తం చెప్పేశాను.

ఆయన పీఏని పిలిచి ప్రూఫు గురించి అడిగారు.

“సోమవారమే సంతకం పెట్టారు సార్. తిరిగి పంపడానికి కవరు మీద రాయాలని ఆ అమ్మాయి పేరు కూడా కనుక్కున్నాను. ప్రూఫు ఇంకా ఇక్కడే ఉంది,” అన్నాడతను.

కవరు మీద రాయడానికి. నా నెత్తిన నేనే నిప్పులు పోసుకున్నాను.

ఎన్ని ఓట్లని రాసిందమ్మా అని అడిగారు ఆయన. మూడు వందల నలభై అన్నాను. పుస్తకం ఎప్పుడు అచ్చుకి వెళ్తుందో కనుక్కుని, ఇక వెళ్లి రండన్నారు. వెళ్లి రండి అంటే ఏంటో ఇల్లు చేరేదాకా ఆలోచించాను. పోనీలే అనా? చూస్తాలే అనా?

ఆ సాయంత్రం అమ్మాయికి చెప్దామని రెండుసార్లు దాని గది గుమ్మం దాకా వెళ్లాను. లోపల ఫోన్లో ఎవరితోనో నవ్వుతోంది. వెనక్కి వచ్చేశాను.

గురువారం అది ఇంటికి రాగానే బ్యాగు కుర్చీలో పడేసి నా ఎదురుగా నిలబడింది. ఎమ్మెల్యేగారు స్వయంగా లైబ్రరీకి వచ్చారట, సంతకం పెట్టిన ప్రూఫు చేత్తో పట్టుకుని. దీని టేబుల్‌కి ఎదురుగా కూర్చుని, ఆ లైను తీసెయ్యమ్మా అన్నారట. తీసేస్తాను సార్, తీసెయ్యమని రాసి ఇవ్వండి, ఆ కాగితం ఫైల్లో ఉంటుంది, మా పద్ధతి అదేనని ఇది చెప్పింది. ఆ ఫైలు ఎవరడిగినా చూపించాలట. ఆయన పెన్ను తీశారు. తీసి చాలాసేపు రాయలేదు. తర్వాత ఆ పాత పుస్తకం చూపించమన్నారు. పేజీ మీద వేలు పెట్టి వరసగా చదువుకుంటూ ఒక దగ్గర ఆగారు.

“నాకు మూడు వందల నలభై రెండు వచ్చాయమ్మా. ఆ రెండూ ఏవి?” అన్నారట.

ఇది చూసుకుంటే నిజమే. చివరి అంకె చెరిగిపోయినట్టుంటే సున్నా అనుకుని వేసేసింది. ఆయనే ప్రూఫు మీద నలభై కొట్టేసి నలభై రెండు అని రాసి, పక్కన సంతకం పెట్టి లేచి వెళ్లిపోయారు. లైను మాత్రం ఉండిపోయింది.

అయితే కోపం లేనట్టేనా అని అడిగాను. ఆయనే లైను ఉండనిచ్చారని విన్నా నాకు ప్రాణం లేచి రాలేదు. అంకె తప్పు పడిందే, కమిటీలో అదే పట్టుకుంటే ఏం గతి అనిపించింది.

“వెళ్తూ వెళ్తూ, మీ అమ్మగారు నువ్వు తీసేస్తావని మాటిచ్చారమ్మా అన్నారు,” అంది. “నన్నడక్కుండా నా మాట నువ్వెలా ఇచ్చావమ్మా?”

అరవలేదు. అరిచి ఉంటే నేనూ ఏదో అనేదాన్ని. నీ కోసమే కదే అన్నాను. అది లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మా ఆయన పేపరు దించి నా వైపు చూసి, మళ్లీ ఎత్తుకున్నారు.

శుక్రవారం పుస్తకం అచ్చుకి వెళ్లింది. పన్నెండు రోజులకి ఆర్డరు వచ్చింది. పర్మనెంటు కాదు, మళ్లీ ఏడాది కాంట్రాక్టు. నలుగురికీ అంతే.

పోస్టులు మంజూరు కాలేదు, అందుకే అందరికీ ఒకేలా వచ్చింది, నీకూ దీనికీ సంబంధం లేదంటుంది అమ్మాయి. నిజమే కావచ్చు. కానీ ఆ కమిటీలో ఆయన ఏమన్నారో దానికీ తెలీదు, నాకూ తెలీదు. ఒక్కసారి వెళ్లి కనుక్కుని వస్తానంటే, “వెళ్లావంటే ఈ ఏడాది కూడా ఉండదు, నేనే మానేస్తాను,” అంది. అన్నంత పనీ చేస్తుంది. వెళ్లలేదు.

దీన్నొక్కదాన్నే ఆపి ఉంటే అది నా పాపమని తేలిపోయేది. నలుగురినీ ఆపారు. మిగతా ముగ్గురిలో ఒకమ్మాయి తల్లి నాకు కూరగాయల మార్కెట్లో ఎదురుపడుతూ ఉంటుంది. మా పిల్లలిద్దరికీ ఒకేసారి పర్మనెంటు అవుతుంది చూడండి అని ఎప్పుడూ నా చెయ్యి పట్టుకుని అనేది. ఈ వారమంతా నేను స్టేషను అవతలి మార్కెట్‌కి వెళ్తున్నాను.