అట్ట వేయాల్సిన పుస్తకం

“పంపిన పుస్తకం తిరిగి రాకపోతే ఎవరి మెడకు చుట్టుకుంటుందే?” అన్నాను. అప్పటికి పుస్తకం ఇంకా బీరువాలోనే ఉంది.

మా అమ్మాయి నవ్వింది. “గడపైనా దాటలేదు. అప్పుడే పోగొట్టేశావా అమ్మా?”

లైబ్రరీ వెనక గదిలో పద్దెనిమిదేళ్లుగా చిరిగిన పుస్తకాలను కుట్టి, జిగురు రాసి అట్టలు వేస్తున్నాను. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. మా అమ్మాయి అక్కడే చిన్న లైబ్రేరియన్‌గా చేరి ఎనిమిది నెలలైంది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. వచ్చిన పిల్ల కుదురుగా ఉండకుండా, పక్క ఊరి లైబ్రరీతో పుస్తకాలు ఇచ్చిపుచ్చుకుందామని మా లైబ్రరీ పెద్దసారు ముందు కాగితం పెట్టింది.

పెద్దసారు పుస్తకాలను కంటికి రెప్పలా చూసుకునే మనిషి. చదవడానికి వచ్చినవాళ్లు వాటిని ముట్టుకుంటే ఆ రెప్ప కూడా వాల్చరు. “ఒక్కటి పంపి చూద్దాం. నెల గడువులోగా క్షేమంగా వస్తే సంతకం పెడతాను. రాకపోతే ఈ మాట మళ్లీ ఎత్తకు” అన్నారు.

పక్క ఊరివాళ్లు అడిగింది చెవిటి పిల్లలకు సైగలతో మాటలు నేర్పే పుస్తకం. “ఒక కాగితం ఊడుతోందమ్మా. కుట్టు వేసి కట్ట కట్టు, బస్సులో పంపుదాం” అని అమ్మాయి నాకిచ్చింది.

సూది చేత పట్టగానే నా బుర్రలో బస్సు బోల్తా పడింది. వాన కురిసింది. కట్ట కాలువలో కొట్టుకుపోయింది, దాని వెనకే పిల్ల ఉద్యోగం. పుస్తకంలో ‘అట్ట వేయాలి’ అని చీటీ పెట్టి, గుట్ట అడుగుకు తోసేశాను. మా దగ్గర అది పాత అలవాటే. ఎవరికైనా ఇవ్వడానికి పెద్దసారుకు మనసొప్పని పుస్తకమల్లా ఆ చీటీతో వెనక గది బీరువాలోకి చేరేది.

అమ్మాయి అడిగినప్పుడల్లా రేపన్నాను, ఎల్లుండన్నాను. మూడు వారాలు గడిచాయి. పక్క ఊరికి ‘మరమ్మతులో ఉంది’ అని అదే జవాబు రాసింది పాపం.

ఒకరోజు మధ్యాహ్నం ఒకామె నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుని వచ్చింది. ఆ సైగల పుస్తకం కోసం పక్క ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట.

“ఎంత చిరిగినా పర్వాలేదండీ. ఇక్కడే కూర్చుని బొమ్మలు దించుకుంటాను” అంది మా అమ్మాయితో. “మా పాపకు ఐదేళ్లు. ఆకలేస్తే నా చెయ్యి పట్టి లాగుతుంది. కడుపులో నొప్పొచ్చినా అలాగే లాగుతుంది. ఏది ఎందుకో నాకు తెలియట్లేదు.”

జరగబోయే కీడుకు భయపడటమే నాకు అలవాటు. నేను చేసిన కీడు నడిచొచ్చి ఎదురుగా కూర్చోవడం అదే మొదలు.

పుస్తకం తీసి కుట్టాను. ఐదు నిమిషాలు పట్టలేదు. తీసుకెళ్లి పెద్దసారు బల్ల మీద పెట్టాను.

“దీన్ని నేనే దాచాను సార్. పిల్ల ఉద్యోగానికి ముప్పొస్తుందని. దానికేం తెలియదు, దాన్నేమీ అనకండి.”

“అమ్మా” అంది మా అమ్మాయి. ఆ పిలుపులో ఇంటికెళ్లాక నాకు పడబోయే అక్షింతలన్నీ వినిపించాయి.

“ఈ విద్య ఎక్కడ నేర్చావమ్మా?” అన్నారు పెద్దసారు.

“మీ దగ్గరే సార్” అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

మా అమ్మాయి ముందుకొచ్చింది. “ఆవిడ దీన్ని ఇంటికి తీసుకెళ్లాలి సార్. వాళ్ల లైబ్రరీ పేరు మీద రాసి ఇవ్వమంటారా?”

పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడిచారు. పెట్టుకున్నారు. మళ్లీ తీశారు. అవతల ఆమె నోటుపుస్తకం తెరవాలో మూయాలో తెలియక అలాగే కూర్చుంది. నా మనసులో అప్పటికే తల్లీకూతుళ్లం ఇద్దరం రోడ్డున పడ్డాం. ఆయన చీటీని బయటికి లాగి, అందులోని నా అక్షరాలను చాలాసేపు చూశారు. అడగాల్సింది అడిగేసిన మా అమ్మాయి కదల్లేదు.

“రాయి” అన్నారు చివరికి. “నెల కాదు, మూడు నెలలని రాయి. సైగలు నేర్వడానికి నెలేం సరిపోతుంది? తర్వాత వెనక గది బీరువా తెరిచి, నేను చీటీ పెట్టినవన్నీ పక్క ఊరికి ఇచ్చే జాబితాలో ఎక్కించు. దాని కింద సంతకం పెడతాను.”